ఓపిక పడ్తెనే విషం మందైతది.. సముద్రపు పువ్వు చెప్పే ముచ్చట

మా మేనమామ ఎండకాలంల కూడా ఫుల్ చేతుల అంగీనే తొడుగుతడు. మోచేతుల మీద, మోకాళ్ల మీద, నెత్తిల తెల్లటి పొట్టు లేస్తది. సొరియాసిస్. పదిహేనేండ్ల సంది ఉన్నది. పెండ్లిళ్లకు పోతే బంతిల కూసోడు. అందరు తిన్నంక ఒక మూలకు ప్లేటు పట్టుకొని నిలవడ్తడు. ఒకసారి పక్కన కూసున్న పెద్దమనిషి మామ చేతులు చూసి, విస్తరి ఎత్తుకొని వేరే బంతికి పోయిండు. నోటితోటి ఒక్క మాట అనలే. కానీ మామ ఆ సంగతి ఇప్పటికీ మర్సిపోలే.

పోయిన నెల ఫోన్ చేసిండు. "అల్లుడా, వాట్సప్‌ల ఒకటొచ్చింది సూడు. సముద్రంల ఏదో పువ్వున్నదట. దాని విషంతోటి చేసిన ఆయింట్‌మెంట్ రాస్తే సొరియాసిస్ మొదలుకంట పోతదట. నాలుగు వేలు. తెప్పియ్యాల్నా?"

ఆ మెసేజ్ చదివిన. పూరా అబద్ధమైతే "వద్దు మామా" అని ఒక్క మాటతోటి అయిపోతుండె. కానీ అందుల సగం నిజమున్నది. మనోళ్లు మునిగేది అబద్ధంల గాదు, ఈ సగం నిజంలనే. అందుకే నిజమేంది, ఎంత దాకా నిజం, ఏడికెల్లి అబద్ధం మొదలైతది అనేది కొంచెం నిమ్మలంగ చెప్పుకుందాం.

పువ్వు గాదు, వేటగాడు

ముందుగాల ఆ పువ్వు సంగతి. దాన్ని సీ అనిమోన్ అంటరు. అనిమోన్ అసలు ఒక పూల మొక్క పేరు. చూసేందుకు అట్ల ఉంటదని దీనికి కూడా అదే పేరు పెట్టిన్రు. కానీ ఇది మొక్క గాదు, జంతువు. నీళ్ల అడుగున రాయికి అతుక్కొని కూసుంటది. పైన పూరెక్కల లెక్క ఊగేటివి దాని చేతులు. నడుమ ఒక్కటే నోరు. తిండి అండ్లకెల్లే లోపటికి పోతది, మిగిలింది అండ్లకెల్లే బయటికొస్తది. బొక్కల్లేవు, గుండె లేదు, మెదడు లేదు. ఇసువంటివి వెయ్యికి పైన జాతులున్నయ్. విశాఖపట్నం పోయినప్పుడు, సముద్రం వెనక్కి తగ్గిన యాళ్లకు రాళ్ల సందుల నిలిచిన నీళ్లల్ల వంగి చూస్తే మనకు కూడా కనవడ్తయ్. 'ఫైండింగ్ నీమో' సినిమాల ఆ నారింజ రంగు చేప ఉండే ఇల్లు ఇదే.

కదలకుంట ఒక్క తాన కూసున్నోనికి తిండి ఎట్ల దొరకాలె? దాని చేతుల నిండ కంటికి కనవడని సన్న బుడ్డీలుంటయ్. ఒక్కొక్క బుడ్డీల సుట్టి పెట్టిన పొడుగాటి పోగు ఉంటది, దాంతోపాటు విషం. చేపపిల్లనో రొయ్యనో వచ్చి తాకుతే చాలు, ఆ పోగు ఉల్టా తిరిగి బయటికి దూసుకొస్తది. వచ్చి గుచ్చుతది.

ఇంటర్‌ల బైపీసీ చదివినోళ్లకు హైడ్రా బొమ్మ యాదికుంటది. అది దీనికి దగ్గరి చుట్టం. జెల్లీఫిష్, పగడాలు కూడా ఈ కుటుంబమే. హైడ్రా బుడ్డీలను మస్తు స్పీడ్ కెమెరాలతోటి కొలిచి చూసిన్రు. సూది బయటికొచ్చి గుచ్చేటందుకు పట్టిన టైం 700 నానోసెకన్లు. అంటే సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందుల ఒక్క ముక్క కూడా నిండదు. బుడ్డీ లోపటి ఒత్తిడి సుమారు 150 బార్లు. మన బైక్ టైర్ల గాలి రెండు బార్లు ఉంటది. లెక్క మీరే కట్టుకోండ్రి.

విషమంటే ఏంది?

విషం అనంగనే మనకు మంట, నురగ, సావు కండ్ల ముందటికొస్తయ్. కానీ శాస్త్రం దాన్ని వేరే తీరుగ చూస్తది.

మన ఒంట్ల ప్రతి కణానికి ఒక పొర ఉంటది. ఆ పొర నిండ సన్నసన్న దర్వాజలుంటయ్. సోడియంకు ఒక తీరు దర్వాజ, పొటాషియంకు ఒకటి, కాల్షియంకు ఒకటి. వీటినే అయాన్ ఛానెళ్లు అంటరు. గుండె కొట్టుకునుడు, కాలు కదులుడు, ముల్లు గుచ్చుకుంటే నొప్పి నెత్తికెక్కుడు.. ఇవన్నీ ఈ దర్వాజలు తెరుసుకునుడు, మూసుకునుడుతోటే నడుస్తయ్. తేలు విషం గాని, సముద్రపు పువ్వు విషం గాని దెబ్బ కొట్టేది ఈడనే. ఒక విషం దర్వాజకు అడ్డం కూసొని మూసేస్తది. ఇంకోటి దాన్ని మూసుకోనియ్యదు. చేప నరాలు పనిచెయ్యకపోతే చేప కదలదు. కదలకపోతే అది పువ్వుకు బువ్వ.

ఈ జంతువులు 50 కోట్ల ఏండ్లకు పైన ఈ భూమ్మీద ఉన్నయ్. అన్ని ఏండ్ల వేటల, ఏ దర్వాజకు ఏ తాళం పడ్తదో వాటి విషం అరిగి అరిగి అచ్చుకు అచ్చు కుదిరింది. మందులు చేసేటోళ్లు ల్యాబ్‌ల ఏండ్ల తరబడి దేవులాడేది కూడా ఇదే. వేరే వాటిని ముట్టకుంట, ఒక్క దర్వాజనే పట్టే తాళం. అందుకే వాళ్ల కండ్లు విషాల మీద పడ్డయ్.

ఇదేదో ముందటి జమానా ముచ్చట అనుకోకుండ్రి. మీ తాతనో నానమ్మనో వాడే బీపీ గోళీల పట్టీ ఒకసారి తిప్పి చూడుండ్రి. ఎనలాప్రిల్, రామిప్రిల్.. ఇట్ల 'ప్రిల్' అని ముగిసే పేరుంటే, దాని పుట్టుక ఒక పాము విషం కాడ ఉన్నది. బ్రెజిల్‌ల జరరాకా అనే పాము కరిస్తే బీపీ పడిపోతది. ఎందుకు పడిపోతదని అక్కడి శాస్త్రవేత్త సెర్జియో ఫెరీరా 1960లల్ల పట్టుకొని చూసిండు. ఆయన చూపిన తొవ్వలనే క్యాప్టోప్రిల్ అనే గోళీ తయారైంది. 1981ల అమెరికాల అనుమతి వచ్చింది. ఆ ఇంటి పేరుతోటి వచ్చినవే మిగిలిన 'ప్రిల్'లన్నీ. గోళీల పాము విషం ఉండదు, విషం నేర్పిన తెలివి ఉంటది. ఈ తేడా మనసుల పెట్టుకోండ్రి, మళ్ల పనికొస్తది. అట్లనే సముద్రపు నత్త విషం నుంచి నొప్పికి జికోనొటైడ్ అనే మందు 2004ల వచ్చింది. గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలం చూసి షుగర్‌కు ఎక్సెనటైడ్ 2005ల వచ్చింది.

నెప్ట్యూన్ అనే కుక్క సచ్చి చెప్పిన పాఠం

సముద్రపు పువ్వు విషం మన వైద్యానికి మొదటిసారి పనికొచ్చింది మందు రూపంల గాదు, ఒక కుక్క సావు రూపంల.

1901ల మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ తన ఓడల ఇద్దరు ఫ్రెంచ్ శాస్త్రవేత్తలను ఎక్కించుకొని పోయిండు. ఒకాయన షార్ల్ రిషే, ఇంకొకాయన పాల్ పోర్టియే. జెల్లీఫిష్ లెక్క కనవడే ఒక సముద్ర జీవి విషం ఎట్ల పనిచేస్తదో చూసుడు వాళ్ల పని. పారిస్‌కు వాపస్ వచ్చినంక ఆ జీవి దొరకలే. దాని బదులు సీ అనిమోన్ విషం తీసుకొని కుక్కల మీద పరీక్షలు చేసిన్రు. కొంచెం కొంచెం ఇస్తే ఒళ్లు అలవాటు పడి తట్టుకుంటదేమో అని వాళ్ల ఆలోచన. నెప్ట్యూన్ అనే కుక్కకు మొదటిసారి ఇచ్చిన్రు. దానికేం కాలే. మూడు వారాలు దాటినంక, మంచిగ తిరుగుతున్న ఆ కుక్కకు మళ్లొకసారి ఇచ్చిన్రు. కొన్ని సెకన్లల్లనే ఊపిరి అందక కిందపడ్డది. 25 నిమిషాల్ల సచ్చిపోయింది.

అలవాటు పడాల్సిన ఒళ్లు ఉల్టా తిరగబడ్డది. దీనికి 1902ల వాళ్లు పెట్టిన పేరు అనఫైలాక్సిస్. రిషేకు 1913ల నోబెల్ వచ్చింది దీనికే. ఇయ్యాల తేనెటీగలు కుట్టి కొందరికి గొంతు వాసి, ఊపిరాడక పాణం మీదికొస్తే డాక్టర్లు చెప్పే పేరు ఇదే. కొన్ని సూదులకు ముందు 'టెస్ట్ డోస్' అని చేతి మీద కొంచెం ఇచ్చి చూసేది ఈ భయంతోటే. అసొంటప్పుడు ఆలస్యం చెయ్యకుంట దవాఖానకు ఉరకాలె. అడ్రినలిన్ సూదే పాణం కాపాడేది.

ఈ కథ ఎందుకు చెప్పిన్నంటే.. మన పాణాన్ని కాపాడే కాపలాదారు, అంటే మన రోగనిరోధక శక్తి, ఒక్కోసారి మన మీదనే తిరగబడ్తదని ఈ విషం మనకు నేర్పింది. మామ సొరియాసిస్ కూడా తిరగబడ్డ కాపలాదారు ముచ్చటనే. తీరు వేరు, మూలం దగ్గర. అందుకే ఇది అంటురోగం గాదు. ముట్టుకుంటే రాదు, పక్కన కూసొని తింటే రాదు, ఒక్క తువాలు వాడినా రాదు. మన చర్మం మామూలుగ నెల దినాలకు ఒకసారి కొత్తగ అయితది. సొరియాసిస్ ఉన్న తాన కాపలా కణాలు రెచ్చగొట్టుడుతోటి మూడు నాలుగు రోజుల్లనే కొత్త చర్మం పుట్టుకొస్తది. పాతది రాలే టైం దొరకదు. ఆ పేరుకున్నదే తెల్ల పొట్టు. విస్తరి ఎత్తుకొని పోయిన పెద్దమనిషికి ఇది ఎవరన్న చెప్పి ఉంటే బాగుండు.

క్యూబా తీరంల దొరికిన 35 పూసల దండ

ఇగ అసలు కథకు వద్దాం. కరీబియన్ సముద్రంల, లోతు తక్కువున్న తాన, 'స్టికోడాక్టైలా హీలియాంథస్' అనే సీ అనిమోన్ ఉంటది. సూర్యుని లెక్క గుండ్రంగ ఉంటదని దాన్ని సన్ అనిమోన్ అంటరు. క్యూబాల హవానా యూనివర్సిటీ శాస్త్రవేత్త ఓల్గా కాస్తనేడా, ఆమె తోటి పనిచేసినోళ్లు, యూరప్ శాస్త్రవేత్తలతోటి కలిసి దాని విషం నుంచి ఒక సన్న ప్రొటీన్ ముక్కను ఏరి తీసిన్రు. 1995ల దాని గురించి రాసిన్రు. పేరు ఎస్‌హెచ్‌కె. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండ. దీంట్ల ఉన్నయి 35 పూసలే. మూడు తాన్ల ముడేసి గట్టిగ ఉంటది.

ఒక సంగతి ఈడ ఆగి చెప్పుకోవాలె. క్యూబా చిన్న దేశం. మీదికెల్లి అమెరికా ఆంక్షలు. అయినా గాని అక్కడి యూనివర్సిటీల కూసొని "ఈ పువ్వుల ఏమున్నది?" అని అడిగినోళ్లున్నరు. దాంతోటి ఏం లాభమని ఆ రోజు అడిగితే వాళ్ల తాన జవాబు ఉండకపోవచ్చు.

జవాబు వేరే తాన తయారైతుండె. 1984ల అమెరికాల, కాలిఫోర్నియా యూనివర్సిటీల, మనిషి టీ కణాల మీద పొటాషియం దర్వాజ ఉన్నదని కొందరు కనిపెట్టిన్రు. టీ కణాలంటే మన కాపలా పటాలంల ముఖ్యమైన సిపాయిలు. కనిపెట్టినోళ్లల్ల జార్జ్ చాండీ ఒకరు. మన పక్క రాష్ట్రంల, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీల డాక్టర్ చదివి అమెరికా పోయినాయన. ఆ దర్వాజ పేరు కేవీ 1.3. దాన్ని మూసే తాళం కోసం దేవులాడినోళ్లకు క్యూబా పువ్వు విషం దొరికింది. ఎస్‌హెచ్‌కెల 22వ పూస పేరు లైసిన్. అది పోయి ఆ దర్వాజ రంధ్రంల సీసకు బిరడ పెట్టినట్టు కూసుంటది.

బస్సు దర్వాజ లెక్క

పొటాషియం దర్వాజ మూస్తే సిపాయి ఎందుకు ఆగుతడు? పండుగ నాడు ఆర్టీసీ బస్సు యాదికి తెచ్చుకోండ్రి. బస్సు కిక్కిరిసి ఉన్నది. దిగేటోళ్లు ఒక దర్వాజ నుంచి దిగుతెనే, ఎక్కేటోళ్లు ఇంకో దర్వాజ నుంచి ఎక్కుతరు. దిగే దర్వాజకు అడ్డం నిలవడ్తే ఎక్కుడు కూడా బంద్ అయితది.

టీ కణం కూడా అంతే. దాన్ని "లే, కొట్లాడు" అని లేపేది లోపటికొచ్చే కాల్షియం. కాల్షియం ఆగకుంట లోపటికి రావాల్నంటె, కేవీ 1.3 దర్వాజ నుంచి పొటాషియం బయటికి పోతనే ఉండాలె. ఆ దర్వాజకు బిరడ పడ్తే కాల్షియం రాక తగ్గుతది. సిపాయి లేవడు, తన సంఖ్య పెంచుకోడు.

అన్ని టీ కణాలు పండుకుంటే మళ్ల జలుబుకు కూడా పాణం మీదికొస్తది గదా? ఈడనే ఈ విషం గొప్పతనం. టీ కణాలల్ల రకాలున్నయ్. ఏండ్ల తరబడి పాత పగ మోస్తూ మళ్ల మళ్ల దాడి చేసే రకం, లేచినప్పుడు ఎక్కువ కేవీ 1.3 మీదనే ఆధారపడ్తది. కొత్త సిపాయిలకు ఇంకో రకం పొటాషియం దర్వాజ కూడా ఉంటది, వాళ్లు దాంతోటి పని నడుపుకుంటరు. సొరియాసిస్, కీళ్లవాతం, టైప్ 1 షుగర్, మల్టిపుల్ స్క్లెరోసిస్ అసొంటి రోగాలల్ల ఒంటి మీద ఎగవడేటోళ్లు ఎక్కువ ఆ పగవట్టిన రకమే. స్టిరాయిడ్ గోళీ ఊరంతటికి కర్ఫ్యూ పెట్టినట్టు పనిచేస్తది. ఇది మాత్రం గొడవ చేసేటోని ఇంటికే తాళం వేస్తది. ఆశ అది.

కానీ చిక్కు కూడా ఉన్నది. అసలు విషం కేవీ 1.3 ఒక్కదాన్నే పట్టదు. మన నరాలల్ల ఉండే కేవీ 1.1 అనే అన్నదమ్ముల దర్వాజను కూడా మూస్తది. అది మూస్తే కష్టం. అందుకే శాస్త్రవేత్తలు 35 పూసల దండకు చివర్ల మార్పులు చేసిన్రు. ఆ మార్చినదాంట్ల ఒకటి కేవీ 1.3నే వంద రెట్ల దాకా ఎక్కువ పడ్తది. దాని పేరు డాలాజటైడ్. దీని కోసం సముద్రంల పువ్వులను పీకే పని లేదు. ల్యాబ్‌ల పూస మీద పూస గుచ్చి తయారు చేస్తరు. ముందు ఎలుకల మీద చూసిన్రు, కీళ్లవాతం అసొంటివి తగ్గినయ్.

24 మంది.. ఆ లెక్క ఎట్ల చదవాలె?

తర్వాత మనుషుల వంతు. అమెరికాల కైనెటా అనే కంపెనీ సొరియాసిస్ ఉన్న 24 మంది మీద డాలాజటైడ్‌ను పరీక్షించింది. ఫలితాలు 2017ల అచ్చయినయ్. పది మందికి 30 మైక్రోగ్రాములు, పది మందికి 60 మైక్రోగ్రాములు, నలుగురికి మందు లేని ఉత్త సూది. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు, చర్మం కింద సూది. ఎవరికి ఏది ఇస్తున్నరో రోగులకు తెల్వనియ్యలే. 60 మైక్రోగ్రాములంటే సుమారు ఒక సన్న ఉప్పు రవ్వ బరువు.

ఆ ఉప్పు రవ్వంత మందు తీసుకున్న పది మందిల తొమ్మిది మందికి సొరియాసిస్ కొలత తగ్గింది. వాట్సప్ మెసేజ్‌ల "90 శాతం మందికి నయం" అని ఉన్నది గదా, అది ఈడికెల్లే వచ్చి ఉంటది. కానీ చదివేటప్పుడు రెండు మాటలు విడగొట్టి చూడాలె. ఒకటి, 'తగ్గింది' వేరు, 'నయమైంది' వేరు. రెండు, ఇది పది మంది లెక్క, నెల దినాల లెక్క. పది మందిల తొమ్మిది మందికి పనిచేసింది పది వేల మందిల ఎట్ల ఉంటదో ఈ లెక్క చెప్పది. ఇసొంటి మొదటి పరీక్షల ముఖ్యమైన ప్రశ్న "మనిషి తట్టుకుంటడా?" అనేదే. తట్టుకున్నరు.

ఇంకో సంగతి మస్తు పాఠం చెప్తది. మందు తీసుకున్న 20 మందిల 17 మందికి మూతి చుట్టు, చేతులల్ల, కాళ్లల్ల స్పర్శ మొద్దుబారినట్టు కొంచెంసేపు అయింది. నరాల దర్వాజను కొంచెమన్న ముట్టుకొని ఉండొచ్చని అనిపిస్తది. కానీ ఉత్త సూది తీసుకున్న నలుగురిల ముగ్గురు కూడా గదే చెప్పిన్రు! మందే లేని సూదికి మొద్దుబారుడు ఏంది? మనసు అట్ల ఉంటది. ఏదో అయితదని అనుకుంటే అయినట్టే అనిపిస్తది. అందుకే ఉత్త సూది గుంపు లేని పరీక్షను, "నేను వాడిన, నాకు తగ్గింది" అనే వీడియోను నమ్మొద్దని డాక్టర్లు చెప్పేది.

ఇన్నేండ్లయినా మందు ఎందుకు రాలే?

1995ల విషం దొరికింది. 2017ల 24 మంది లెక్క వచ్చింది. ఇప్పటిదాకా డాలాజటైడ్ అమ్మకానికి ఏడా అనుమతి రాలే. కారణాలున్నయ్. ఇది ప్రొటీన్, గోళీ లెక్క మింగితే కడుపుల పప్పు అరిగినట్టు అరిగిపోతది. సూదే దారి. పెద్ద పరీక్షలకు వేల మంది కావాలె, ఏండ్లు కావాలె, పైసలు కావాలె.

దారిల ఆగిపోయినవి కూడా ఉన్నయ్. అమెరికా పడమటి తీరంల పచ్చటి సీ అనిమోన్ నుంచి ఆంథోప్లూరిన్ అనే విషాన్ని 1970లల్ల తీసిన్రు. అది గుండె దెబ్బ బలం పెంచుతది, మామూలు గుండె మందు కంటె మస్తు తక్కువ మోతాదుతోటే. అందరు ఆశపడ్డరు. కానీ అది సోడియం దర్వాజను తొందరగ మూసుకోనియ్యదు. అట్ల గుండె తాళం తప్పే ప్రమాదం ఉన్నది. మందు కాలే. అసొంటిదే ఇంకో అనిమోన్ విషం మాత్రం ల్యాబ్‌ల పనిముట్టయింది. దాంతోటి గుండె తాళాన్ని కావాలని తప్పించి, కొత్త మందు ఆ తాళాన్ని సరిచేస్తదా లేదా అని చూస్తరు. ఇంకో పువ్వు నుంచి 2004ల ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఏపీఈటీఎక్స్2 అనేదాన్ని తీసిన్రు. కండరాలల్ల పులుపు పేరుకుంటే పుట్టే నొప్పి దర్వాజను అది మూస్తది. ఎలుకల నొప్పి తగ్గింది. మనుషుల దాకా తొవ్వ ఇంకా ఉన్నది.

ఆలస్యం అమృతం విషం అంటరు పెద్దలు. మందుల ముచ్చట్ల ఇది ఉల్టా. ఓపిక పడ్తెనే విషం అమృతమైతది. తొందరపడి అమ్ముకుంటే అమృతం కూడా విషమే.

మామకు నేను చెప్పింది

మామకు వాపస్ ఫోన్ చేసిన. ఆయింట్‌మెంట్ వద్దని చెప్పిన. ఎందుకో కూడా చెప్పిన. చర్మం లోపటికి పోవాల్నంటె అణువు సన్నగ ఉండాలె. మామూలుగ 500 డాల్టన్ల బరువు దాటితే దూరుడు కష్టమని ఒక లెక్క ఉన్నది. ఎస్‌హెచ్‌కె బరువు నాలుగు వేలకు పైన. అందుకే ఆ పరీక్షల సూది ఇచ్చిన్రు, ఎవ్వరికీ ఆయింట్‌మెంట్ రాయలే. మరి మెసేజ్‌ల ఆయింట్‌మెంట్‌ల ఏమున్నట్టు? ఇసొంటి పేరు లేని డబ్బాలల్ల మస్తుసార్లు దొరికేది ఘాటు స్టిరాయిడ్. పది రోజులు చర్మం తళతళ మెరుస్తది, మనిషి నమ్ముతడు. తర్వాత చర్మం పలచవడ్తది, బంద్ చెయ్యంగనే రోగం ఇంతకు రెండింతలు లేస్తది.

చర్మం డాక్టర్ తానికి తోలుకపోయిన. సొరియాసిస్‌కు ఇయ్యాల కూడా మందులున్నయ్. పూసేవి, లైట్ పట్టేది, మెథోట్రెక్సేట్ అసొంటి గోళీలు, ఖరీదైన సూదులు. మెథోట్రెక్సేట్ ఇస్తే ఒక్కటి మాత్రం మర్సిపోవద్దు. అది వారానికి ఒక్కసారి వేసుకునేది. దినాం వేసుకుంటే పాణం మీదికొస్తది. రక్తపరీక్షలు చేయించుకుంట, డాక్టర్ చెప్పినట్టే వాడాలె.

ఇది చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. "సముద్రంల పువ్వు మీద, బురదల పురుగు మీద పరిశోధనలకు సర్కారు పైసలెందుకు?" అని ఎవరన్న నవ్వితే ఈ కథ చెప్పండ్రి. ఓల్గా కాస్తనేడా ఆ పువ్వును పట్టుకోకపోతే ఆ తాళమే ఉండకపోవు. హైదరాబాద్‌ల సీసీఎంబీ, ఐఐసీటీ ఉన్నయ్. విశాఖపట్నంల సముద్ర శాస్త్ర సంస్థ సెంటర్ ఉన్నది. మన తీరంల రాళ్లకు అతుక్కున్న పువ్వులల్ల ఏ తాళాలున్నయో చూడాల్సింది రేపు బైపీసీ చదివే మీరే. హైడ్రా బొమ్మ మార్కుల కోసం గీసి వదిలిపెట్టకుండ్రి. అట్లనే యూనివర్సిటీలల్ల, జనం పైసలతోటి పుట్టిన తెలివి రేపు మందైనప్పుడు, జనం కొనగలిగే ధరకు వస్తదా అని అడిగే హక్కు కూడా మనకున్నది. ఖరీదైన సూది పేరు చెప్పి డాక్టర్ సప్పుడు జేయక ఊకున్నప్పుడు, మామ నా మొఖం చూసిండు. ఆ చూపుకు నా తాన జవాబు లేదు.

కానీ అన్నిటికంటె ముందు కావాల్సిన మందు ఒకటున్నది. దానికి పరీక్షలు అక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. పోయిన వారం మా ఇంట్ల పెండ్లి అయింది. మామను చెయ్యి పట్టి బంతిల కూసోవెట్టిన, పక్కన నేను కూసున్న. అటు పక్కన ఎవరు కూసుంటరో అని ఆయన భయపడుతుండె. మా చెల్లె వచ్చి కూసొని, "మామా, నీ విస్తరిల బూరె నాకియ్యి" అని తీసుకొని తిన్నది. మామ అంగీ చేతులు కొంచెం పైకి మలుసుకున్నడు. ఉక్కపోస్తుండె.